అత్తయ్య గ్లాసులో బార్లీ గడ్డి

సెలూన్ వెనక గది,
జనవరి 11

అక్కా,

ఫోనులో అయితే నాలుగో మాటకే మనిద్దరికీ చెడుతుందని, ఉత్తరమైతే ఒకరు చెప్పేది ఇంకొకరు చివరిదాకా వినక తప్పదని అత్తయ్య తీర్పు చెప్పింది కదా. అమ్మ పోయాక మనిద్దరినీ పెంచిన మనిషి మాట కాదనలేక కలం పట్టాను. మా చేతులు కత్తెరకి అలవాటు పడ్డవి, అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు.

అత్తయ్య మా ఇంటికి వచ్చి నెల దాటింది. కులాసాగా ఉంది. మీ మూడో అంతస్తు మెట్లు తప్పాయి కాబట్టి మోకాళ్ళు కాస్త తెరిపిన పడ్డాయి. లిఫ్టు మెకానిక్ అయి ఉండి పెద్దదాని బిల్డింగుకి ఒక లిఫ్టు పెట్టించలేకపోయావని మీ మరిదిని రోజూ ఎత్తిపొడుస్తోంది. ఆయన తల గోక్కుంటున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. జుట్టుకి రంగు వేయించుకోవడానికి నా దగ్గరికి ఒక డ్రాయింగ్ టీచరు వస్తుంది. ఆవిడ బార్లీ గడ్డి పొడి ప్యాకెట్ ఇచ్చింది. గడ్డి ఏమిటమ్మా అని మొదట నవ్వాను. మూడు వారాలుగా పొద్దున్నే ఒక గ్లాసు తాగుతున్నాను. ఏళ్ళ తరబడి బాధపెట్టిన మలబద్ధకం పోయింది. మధ్యాహ్నం కుర్చీ పక్కన నిలబడి తూగేదాన్ని కదా, అదీ లేదు. ప్యాకెట్ అయిపోవచ్చింది. కొనబోతే షాపులో పొడి ఉంది, రసం పొడి అని ఇంకొకటి ఉంది, మాత్రలున్నాయి, గొట్టాల్లాంటి క్యాప్సూల్స్ ఉన్నాయి. విత్తనాలు నానబెట్టి ఇంట్లోనే పెంచుకోమని టీచరమ్మ అంటోంది. ఏది మంచిదో నువ్వే చెప్పాలి. ఆసుపత్రి మందుల కౌంటరులో ఇరవై ఏళ్ళుగా నిలబడుతున్న అక్క ఉండగా ఇంకెవరినో అడగడమెందుకు?

నీ చెల్లి

—

మందుల కౌంటరు వెనక, స్టాకు గది,
జనవరి 20

చెల్లీ,

అడిగావు కాబట్టి చెబుతున్నాను.

అది మామూలు గడ్డి కాదు. బార్లీ మొక్క కంకి వేయకముందు, జానెడు ఎత్తున ఉండగా కోసిన లేత ఆకు. మంచి ఆకుకూరలో ఉండేవే అందులోనూ ఉంటాయి. పీచు, సి విటమిన్, కె విటమిన్, పొటాషియం, ఆ పచ్చదనం. షుగరు దిగుతుందని, కొవ్వు కరుగుతుందని అట్టల మీద రాస్తారు. వాటి మీద జరిగినవి చిన్న చిన్న పరిశోధనలే, ఇదమిత్థమని ఎవరూ తేల్చలేదు. నీ కడుపు తేలికపడిందంటే అది పీచు చేసిన పని. తూగు తగ్గిందంటే, పొద్దున్నే ఒక గ్లాసు నీళ్ళు తాగడమూ ఒక కారణమై ఉంటుంది.

ఆకు మొత్తాన్ని ఎండబెట్టి విసిరిన పొడి నీళ్ళలో పూర్తిగా కరగదు, అడుగున ఇసుకలా దిగుతుంది. కానీ పీచు ఉండేది దాంట్లోనే. రసం తీసి ఆరబెట్టిన పొడి ఇట్టే కలిసిపోతుంది, చిక్కగా ఉంటుంది, పీచు మాత్రం పోతుంది. మాత్రలకీ క్యాప్సూల్స్‌కీ రుచి బాధ లేదు, ప్రయాణాల్లో వీలు. అయితే ఒక చెంచా పొడికి సరితూగాలంటే గుప్పెడు మింగాలి. ఇంట్లో పెంచితే తాజాగానే ఉంటుంది గాని బూజు పట్టకుండా కనిపెట్టుకోవాలి, నీకంత ఓపిక ఉందని నేననుకోను. నీకు ఆకు పొడే మేలు. తక్కువ వేడి మీద ఆరబెట్టినదా, పంచదార లాంటిదేమైనా కలిపారా, బయటి ల్యాబులో పరీక్ష చేయించారా అని అట్ట వెనక చదువు. గోధుమ, బార్లీ పడనివాళ్ళు దాని జోలికి పోకూడదు. వేడినీళ్ళలో కలపకు. అరచెంచాతో మొదలుపెట్టు.

అత్తయ్య ఎత్తిపొడుస్తోందని రాశావు. నా దగ్గరున్న తొమ్మిదేళ్ళలో నన్నెప్పుడూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడుపులు చనువున్న చోటే వస్తాయంటారు. అలాగా?

గుండెలో కవాటం మార్చినప్పటి నుంచి ఆ తొమ్మిదేళ్ళూ రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర ఒక్కపూట తప్పకుండా చూసినదాన్ని నేను. ఆమె ఒంటి సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నన్నేమైనా అడగమందా? అడిగితే రాయి. నువ్వైనా సరే, అడుగు.

అక్క

—

సెలూన్, రెండో కుర్చీ,
ఫిబ్రవరి 26

అక్కా,

నువ్వు చెప్పినట్టే ఆకు పొడి కొన్నాను. నాకు ఓపిక లేదన్నావని పంతం పట్టి కిటికీ దగ్గర ట్రేలు కూడా పెట్టాను. ఎనిమిదో రోజుకే బెత్తెడు లేచింది. ఎవరు కోస్తున్నారనుకున్నావు? అత్తయ్య. బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు గుడ్డ కత్తిరించిన చెయ్యి కదా, గీత గీసినట్టు ఒకే ఎత్తున కోస్తోంది. నా కస్టమర్లు జుట్టు సంగతి మరిచిపోయి ఆమెనే చూస్తున్నారు.

ఇప్పుడు ఆమె కూడా తాగుతోంది. పొద్దున పొడి ఒక చెంచా, సాయంత్రం తాజా రసం అర గ్లాసు. బతుకులో చాలాసార్లు గడ్డి తిన్నానని, తాగడం మాత్రం ఇదే మొదలని అంటోంది. మొహం తేటపడింది అక్కా. నీ దగ్గరున్నప్పుడు కళ్ళ కింద ఆ నలుపు ఉండేది చూడు, అది పోయింది. వీధి చివరిదాకా నడిచి వస్తోంది. మొన్న టీచరమ్మతో ఏమందో తెలుసా? "నా చిన్నది నన్ను మళ్ళీ నిలబెట్టింది." ఆ మాట నీకు రాయకుండా ఉండలేకపోయాను.

ఫోటో పంపుతున్నాను. నా భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నది మన అత్తయ్యే, పోల్చుకో.

నీ చెల్లి

—

మూడో అంతస్తు,
మార్చి 6

చెల్లీ,

ఫోటో అందింది. పోల్చుకున్నాను. నా దగ్గర ఆమె నల్లగా, కుంగిపోయి ఉండేదని రాసినందుకు సంతోషం. తొమ్మిదేళ్ళు నేను చేసింది మూడు నెలల్లో ఒక గడ్డి ట్రే చెరిపేసింది.

ఇక నీ గడ్డి సంగతి. ఆ టీచరు డాక్టరు కాదు, ఆవిడకి గడ్డి బొమ్మ గీయడం తెలిసుంటే చాలు. మూడు నెలల్లో మొహం తేటపడడం గడ్డి వల్ల కాదు, నీ సెలూన్‌లో పూసే క్రీముల వల్ల. జుట్టు ముక్కలు ఎగిరే గదిలో పెంచినది తాగే వస్తువేనా? ఆ పచ్చవాసన పళ్ళకి పట్టి వదలదు. వయసు మళ్ళిన మనిషికి పీచు ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది. ట్రేల కింద నీళ్ళు నిలిస్తే దోమలు. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి కె విటమిన్ ఉన్న ఆకులు పడవు, చూసుకో. రోజూ ఒకటే తాగితే నోరు చచ్చిపోతుంది. పైగా ముసలామె చేత కత్తెర పట్టించి కస్టమర్ల ముందు కూర్చోబెట్టడం నీ వ్యాపారానికి బాగుంటుందేమో, చూసేవాళ్ళకి బాగుండదు.

ఇంకా ఉన్నాయి. రాయను. రాస్తే కుళ్ళు అంటావు.

అక్క

—

సెలూన్,
మార్చి 17

అక్కా,

అంటాను. కుళ్ళే.

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించలేదు. నీ మీద ఆమెకున్న గౌరవాన్ని నీ చేతులతోనే పోగొట్టడం ఎందుకని దాచేశాను. దోమలు, పళ్ళు, క్రీములు! ఆకులు పడవంటున్నావు, మరి నీ ఇంట్లో ఇన్నేళ్ళూ వారానికి రెండుసార్లు ఆమెకి ఆకుకూర పెట్టింది ఎవరు? నువ్వు పెడితే ఆరోగ్యం, నేను పెడితే విషం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషికి నేను లెక్క నేర్పలేను.

చిన్నప్పటి నుంచీ ఇంతే. నాకు జ్వరం వస్తే అత్తయ్య నా పక్కన కూర్చునేది, ఆ మర్నాడు నీకూ ఒళ్ళు వెచ్చబడేది. ఇప్పుడు ఆమె నా ఇంట్లో నవ్వుతోంది, నీకు ఒళ్ళంతా వెచ్చబడుతోంది.

ఆమెకేమో నువ్వంటే ప్రాణం. పెద్దది పరీక్ష సంగతి ఏమైనా రాసిందా అని ఇప్పటికి మూడుసార్లు అడిగింది. ప్రమోషన్ పరీక్ష కాబోలు, నాకు చెప్పాలని నీకు తోచలేదు. రాస్తుందిలే అత్తయ్యా, అది పరీక్షలు తప్పే రకమా అని చెప్పాను. ఆమె ఇంకేదో అనబోయి ఊరుకుంది.

బాగా రాయి. పాసయితే తెలియజేయి.

చెల్లి

—

మూడో అంతస్తు,
జూన్ 9

చెల్లీ,

మీ ఇంటి నుంచి తిరిగి వచ్చి వారం అయింది. ఆసుపత్రిలో రెండు వారాలు, మీ ఇంట్లో మరో పది రోజులు అత్తయ్య మంచానికి నువ్వొక పక్క, నేనొక పక్క కూర్చున్నాం. అన్నాళ్ళలో నోటితో చెప్పలేనిది ఇప్పుడు కాగితం మీద చెబుతున్నాను. చివరిదాకా చదువు. మధ్యలో చింపాలనిపిస్తే, చదివాక చింపు.

మే మొదటి వారంలో మరిదిగారు ఫోన్ చేసి, అత్తయ్య మాట తడబడుతోందని, కుడిచేతిలోంచి కత్తెర జారిపోయిందని, మెదడులో చిన్న రక్తపుగడ్డ అడ్డుపడిందంటున్నారని చెప్పారు. అప్పుడు నాకు మొదట కలిగింది భయం కాదు. నేను చెప్పాను కదా అని. ఒక్క క్షణమే. కానీ అది ముందొచ్చింది, భయం దాని వెనక వచ్చింది.

నేను చెప్పలేదు. దోమలకీ నోటి రుచికీ మధ్య ఒక ముక్క విసిరాను. పని చేసే చోట ఎవరైనా ఆ మాత్ర చీటీతో వస్తే ఆపి, కూర్చోబెట్టి, రెండుసార్లు చెబుతాను. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే పాళ్ళలో ఉంటే మాత్ర మోతాదు దానికి తగ్గట్టు సర్దుతారు. కొత్తగా ఏదైనా మొదలుపెడితే మాత్రం వెంటనే రక్తపరీక్ష చేయించాలి అని. ముక్కూమొహం తెలియని వాళ్ళకి చెప్పేది నీకు చెప్పలేదు. నేను ఆకుకూర పెట్టానన్నావు. పెట్టాను, ఒకే కొలతలో. దానికి తగ్గట్టే మాత్ర ఉండేది. నీ గడ్డి దాని మీద రోజుకి రెండుసార్లు వచ్చి పడింది, అందులోని కె విటమిన్ మాత్ర పని తగ్గించేసింది.

ఇంకా ఉంది. అత్తయ్య అడిగిన పరీక్ష నా ప్రమోషన్ పరీక్ష కాదు. తన రక్తపరీక్ష. నెల నెలా మొదటి సోమవారం నేను తీసుకెళ్ళేదాన్ని. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసి, మాత్ర ఎంత వేసుకోవాలో రాసి ఇస్తారు. దానికొక చిన్న పుస్తకం ఉంది. ఆమె సామాను సర్దినప్పుడు అది నా సొరుగులో ఉండిపోయింది. మొదట నిజంగానే మరిచిపోయాను. నాలుగు రోజుల తరవాత కనబడింది. పోస్టు చేయాలంటే పది నిమిషాల పని. చెల్లి అడుగుతుంది, అడగాలి, అడగకుండా ఎలా గడుస్తుంది అనుకున్నాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. ఆ తరవాత నీ మార్చి ఉత్తరం వచ్చింది. పరీక్ష అన్న మాట చదవగానే నాకు అర్థమైంది. నీకు అర్థం కాలేదనీ అర్థమైంది. నాకు ప్రమోషన్ పరీక్షలు లేవని ఒక్క ముక్క రాసినా సరిపోయేది. నన్ను కుళ్ళుబోతన్నావని ఆ ఒక్క ముక్క రాయలేదు.

ఆసుపత్రిలో డాక్టరు చివరి పరీక్ష ఎప్పుడు చేయించారని నిన్ను అడిగాడు. నువ్వు తెలియదన్నావు. గడ్డి రసం ఇచ్చానండీ, నాదే తప్పు అని ఏడ్చావు. ఆ పుస్తకం అప్పుడు నా చేతిసంచిలోనే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

అత్తయ్యకి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

అక్క

—

సెలూన్ వెనక గది,
జూన్ 24

అక్కా,

చింపాను. చదివాకే. తరవాత అంటించుకుని మళ్ళీ చదివాను.

ఆ రోజు సెలూన్ తెరవలేదు. మీ మరిది ఎందుకని అడిగితే ఆయన మీద అరిచాను. నెలన్నరగా ట్రేలు బోర్లించి, నేనే చంపబోయాను, నేనే చంపబోయాను అనుకుంటూ ఆమెకి తినిపిస్తున్నాను. నువ్వు నా పక్కన కూర్చుని, ఊరుకో అని నా వీపు నిమిరావు. ఆ చెయ్యి గుర్తొస్తే ఒళ్ళు మండిపోతోంది. ఇది తగ్గడానికి చాలా కాలం పడుతుంది. తగ్గుతుందో లేదో కూడా తెలియదు.

కానీ నువ్వు విప్పావు కాబట్టి నేనూ ఒకటి విప్పుతాను. ఆసుపత్రిలో రెండో రోజు నువ్వు మందులు తేవడానికి కిందికి వెళ్ళినప్పుడు అత్తయ్యకి మొదటిసారి మాట వచ్చింది. "పెద్దది" అంది. రెండుసార్లు అంది. నర్సు ఏమంటోందని అడిగితే, దాహమంటోందని చెప్పి నీళ్ళు తాగించాను. నువ్వు పైకి వచ్చాక ఇంకా మాట రాలేదన్నాను. మర్నాడు నా వైపు చూసి ఏదో అనేదాకా ఆ మాటే చెప్పాను. అసలు ఆ గడ్డి రసం ఆమెకి ఇవ్వడం మొదలుపెట్టింది ఎందుకో తెలుసా? ఏ చిన్న నొప్పి వచ్చినా పెద్దదాన్ని అడుగు, పెద్దదానికి తెలుస్తుంది అనేది. నా చేతి వైద్యం ఒక్కటైనా ఉండాలనిపించింది. నువ్వు చెప్పిన ముక్క నేను చదవకపోలేదు. చదివి, నువ్వు గెలవకూడదని పక్కన పెట్టాను.

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. దాచాలనుకున్నాను, కానీ దాచడంతోనే కదా ఇంత దూరం వచ్చింది. మాట ఇప్పుడు బాగానే తిరుగుతోంది, నెమ్మదిగా వస్తుంది అంతే. కుడి వేళ్ళు కత్తెరని ఇంకా పూర్తిగా మూయలేవు. మంచం మీద గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక నా చేతిలోని కాగితం తీసుకుని ఎడమచేత్తో మడత పెట్టింది. నీ మీద కోపం వచ్చిందేమోనని, నిజం చెబుతున్నాను, నాకు లోలోపల కాస్త సంతోషం కూడా కలిగింది. అప్పుడు అడిగింది, మొదటి సోమవారమని నాకు తెలియదనుకున్నారా అని. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది.

"తొమ్మిదేళ్ళు వెళ్ళినదాన్ని. తేదీ నాకు తెలియదా? వీధి చివర ల్యాబు ఉంది, రోజూ దాని ముందు నుంచే నడిచాను. మీ ఇద్దరిలో ఎవరికి నేను ముందు గుర్తొస్తానో చూద్దామని కూర్చున్నాను."

నేను ఆమె మొహం చూడలేక దుప్పటి సర్దాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఇంకో మాట అంది. "పెంచినదాన్ని నేను. మీకు ఈ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరిని అడుగుతాను?"

మళ్ళీ చూపించినప్పుడు డాక్టరుని అడిగాను, ఆ రసం విషమా అని. కాదన్నాడు. ఆమె వేసుకునే మాత్ర సంగతి తెలియకుండా, పరీక్ష లేకుండా ఇవ్వడమే తప్పన్నాడు. ఇష్టమైతే తనతో చెప్పి, ఎప్పుడూ ఒకే కొలతలో తీసుకోవాలి, మొదలుపెట్టినా మానేసినా ముందు రక్తం చూపించుకోవాలి అన్నాడు. అత్తయ్య తనకి ఇక వద్దంది. నేను మాత్రం నా గ్లాసు నేను తాగుతున్నాను. నా కడుపుకి అది మంచిదే, దానికి నువ్వు ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఏం చేయాలో నాకు తెలియడం లేదు. ఆమెని ఏదీ అడగబుద్ధి కావడం లేదు. నిన్ను రమ్మని రాయాలంటే చెయ్యి రావడం లేదు. కాబట్టి రాయడం లేదు.

చెల్లి

—

మందుల కౌంటరు వెనక, స్టాకు గది,
జూన్ 29

చెల్లీ,

రమ్మని రాయలేదు, చూశాను. అయినా వస్తున్నాను.

ఆమె మొదట నన్నే పిలిచిందన్న చోట ఆగిపోయి, ఆ రెండు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో చెబితే సిగ్గు పోతుంది. నువ్వు అబద్ధమాడావన్న కోపం కన్నా, పిలిచిందన్న సంతోషమే ముందు వచ్చింది. నా బుద్ధి మారలేదు. మారుతుందని నీకు మాటివ్వను. నీ గ్లాసు సంగతి ఒప్పుకుంటున్నాను, ఆకు పొడే వాడు, ఒక చెంచా దాటించకు.

జూలై ఆరు మొదటి సోమవారం. ముందు రోజు రాత్రి మాత్ర మామూలుగానే వేయండి. పరీక్ష పుస్తకం నేను తెస్తున్నాను, తెచ్చాక నీ సొరుగులో పెడతాను. ఆ తరవాత అది నీ ఇంట్లోనే ఉంటుంది. నాకు ప్రతి నెలా అంకె రాసి పంపు. మరిచిపోతే నేనే అడుగుతాను.

ల్యాబు ఎనిమిదింటికి తెరుస్తారు. నేను ఏడున్నరకే మీ గుమ్మం ముందు ఉంటాను. నాతో మాట్లాడక్కర్లేదు. అత్తయ్య కుడిచెయ్యి ఇంకా బలహీనంగా ఉంది కాబట్టి దాన్ని నువ్వు పట్టుకుని నడిపించు. రక్తం ఎడమచేతి నుంచి తీస్తారు, అటువైపు నేను కూర్చుంటాను. సూది గుచ్చేటప్పుడు ఆమె ఎప్పుడూ అటువైపు ఉన్న మనిషి వేళ్ళు గట్టిగా పట్టుకుంటుంది. ఆ సంగతి తెలిసే ఈ ఏర్పాటు చేశాను. ఆగస్టులో వైపు మార్చుకుందాం.

అక్క